వట్టి వాణి

నేను పుట్టిన నెలలోనే మా నాన్న
కంతుల మీద ఓ రేడియో కొన్నాడు.
ఆకాశాన్ని దానికే వదిలేసి
మిగిలిన ముక్క నాకు పెట్టాడు.

నారాయణగూడ బళ్లో మేం ముగ్గురం.
పొడుగు వాణి, కళ్లజోడు వాణి,
ఇంకే గుర్తూ దొరక్క నేను వట్టి వాణి.
పంతులమ్మ హాజరుకి ఒక్కసారి పిలిస్తే
మూడు బెంచీలు లేచి నిలబడేవి.

ఊళ్లో ఎటు చూసినా నేనే.
చిక్కడపల్లి మేడ మీద టైపు నేర్పేది నేను,
తెల్లారకముందే టకటకా, లోయరూ హయ్యరూ.
లగ్గాల రోజుల్లో ముషీరాబాద్ నుంచి
ఎర్రకోటు తొడుక్కుని బూరలూదుతూ వచ్చేదీ నేనే,
వాణి బ్రాస్ బ్యాండ్, ప్రొప్రైటర్ ఖాజా మియా.
ఆ పేరెందుకు పెట్టావయ్యా అంటే
"కొన్నప్పుడే డ్రమ్ము మీద రాసుందమ్మా,
చెరపాలంటే పెయింటు దండగ" అన్నాడు.
మా వదిన గ్రైండరుదీ అదే పేరు.
పప్పు వేస్తే సందు చివరిదాకా వినపడేది.
"నీకన్నా నయం, పిండైనా వస్తుంది" అనేది వదిన.

పేరు లేకుండా బతికింది ఒక్కచోటే.
గౌలిగూడ ఎక్స్ఛేంజీలో ఇరవై ఆరేళ్లు
నేను పధ్నాలుగో నెంబరుని.
చెవులు నొక్కేసే హెడ్‌ఫోను, చేతిలో తీగ,
పుట్టిన కబురూ పోయిన కబురూ నా వేళ్ల మీంచే పోయేవి.
నాదంటూ ఒకటే మాట:
"మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?"
ఓ అర్ధరాత్రి బీదరు నుంచి ఎవరో పెద్దాయన
"బేటీ, నామ్ క్యా హై?" అన్నాడు, దువా చెయ్యడానికట.
రూలు ఒప్పుకోదు. నెంబరు చెప్పాను.
"అల్లా చౌదా నంబర్ కో సలామత్ రఖే."

నిన్న రాత్రి గాలివానకి
నల్లకుంట అంతా చీకటి.
కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే తేనె రాసిన గొంతొకటి:
"నమస్కారం. నేను వాణిని. మీకెలా సహాయపడగలను?"
"నేనూ వాణినే తల్లీ."
"క్షమించండి, నాకు అర్థం కాలేదు. మీ సర్వీసు నెంబరు చెప్పండి."
నోటికి పాతదే వచ్చింది, పధ్నాలుగు.
"మీరు చెప్పిన నెంబరు సరైనది కాదు."

ఈ పిల్ల ఊపిరి తీసుకోదు,
వాక్యం మధ్యలో గుటక వెయ్యదు.
ఏ అద్దాల గదిలో ఏ అమ్మాయి
మంచినీళ్ల సీసా పక్కన పెట్టుకుని
ఒకటి నుంచి వంద దాకా చదివి వెళ్లిపోయిందో.
ఆమె పేరేమిటో.
ఆమె ఇంట్లోనూ కరెంటు పోయిందేమో.

గుమ్మంలో వెలుగు.
పై వాటాలో వాచీలు బాగుచేసే పెంటయ్య కూతురు.
ఆ పిల్లా వాణే.
కడుపులో ఉండగానే ఖాయం చేసుకున్న పేరు,
వినపడదని తెలిసింది రెండో ఏట.
ఎవరో మార్చమన్నారు.
"పేరేం పాపం చేసింది" అంది వాళ్లమ్మ సుగుణ.
మలక్‌పేట బడికెళ్లాక
ఆ పిల్లే దాన్ని తనకు కావలసినట్టు చేసుకుంది:
గొంతు మీద వేలు ఆనించి
పిట్టని వదిలినట్టు ముందుకి వదిలేస్తుంది.

ఇప్పుడేదో అడుగుతోంది.
చీకట్లో నాకు కనపడదని తట్టి
చెప్పుల స్టాండు మీద ఫోను నిలబెట్టి
లైటు తన చేతుల మీదే వేసుకుంది.
గోడంతా వేళ్ల నీడలు.
కొవ్వొత్తి ఉందా అనో,
ఒక్కదానివే ఉన్నావా అనో.

నా చేతిలో ఫోను ఇంకా వదల్లేదు:
"మీరు లైన్లోనే ఉన్నారా?"

ఉన్నానని అనబోయి
గొంతు మీద వేలు ఆనించాను.